పుల్ల గీత నుంచి తెర మీది కుంచె దాకా

(పర్లాకిమిడిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, బొమ్మలు వేసే పిల్లల కోసం, డీటీపీ పని చేసేవారి కోసం జరిగిన తరగతిలోని ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డు విని రాసినది. తడబాట్లు మాత్రమే తీసివేశాం.)

అందరికీ నమస్కారం. వెనుక నిలబడ్డవారు ముందుకు రండి, చాప మీద ఇంకా చోటుంది. గుణుపురం నుంచి వచ్చిన పిల్లలు రైలు దిగి నేరుగా ఇక్కడికే వచ్చినట్టున్నారు, సంచులు ఇంకా భుజాన ఉన్నాయి. కింద పెట్టుకోండి బాబూ. పాతపట్నం నుంచి కూడా కొందరు వచ్చారు. సంతోషం.

ముందు ఒక మాట అడుగుతాను, చేతులెత్తండి. బొమ్మలు వేసే ప్రోగ్రాముల్లో, అంటే ఫోటోషాపులో గానీ, గింప్‌లో గానీ, క్రీతాలో గానీ ఇంటర్నెట్టు నుంచి కుంచెలు దించుకున్నవారు ఎంతమంది? దాదాపు అందరూ. ఎన్ని కుంచెలున్నాయి తమ్ముడూ నీ దగ్గర? రెండు వేలా! ఆ రెండు వేలలో నువ్వు రోజూ వాడేవి ఎన్ని? నాలుగు. నా కంప్యూటరులోనూ ఒకప్పుడు అంతే. ఇప్పుడు నా దగ్గర పదిహేడు కుంచెలే ఉన్నాయి. పదిహేడూ నేను చేసుకున్నవే. వాటి సంగతి చెప్పడానికే వచ్చాను.

నేను మొదట పదేళ్లు బోర్డులు రాశాను. గోడల మీద, రేకుల మీద, దుకాణాల షట్టర్ల మీద. మన ఊళ్లో బోర్డు రాయడమంటే మీకు తెలుసు, పైన ఒడియా, కింద తెలుగు. రెండు లిపులకూ ఒకే కుంచె, ఒకే చేయి. తరువాత కంప్యూటరు కొన్నాను. శుభలేఖలు, క్యాలెండర్లు, ఫ్లెక్సీలు చేయడం మొదలుపెట్టాను. కంప్యూటరు ముందు కూర్చున్న మొదటి సంవత్సరం నాకు పెద్ద వెలితిగా ఉండేది. గీత గీస్తే అది నా గీతలా ఉండేది కాదు. నున్నగా, గొట్టంలా, మొదలు నుంచి చివర దాకా ఒకే లావున ఉండేది. పదేళ్లు సాధన చేసిన చేయి ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. చేతికీ తెరకూ మధ్య ఉన్న కుంచె నాది కాదు, అంతే. ఆ సంగతి గ్రహించడానికి నాకు రెండేళ్లు పట్టింది. మీకు ఈ మధ్యాహ్నంలో తెలిస్తే చాలు.

కంప్యూటరులో కుంచె అంటే ఏమిటి? వెంట్రుకలు ఉండవు, పిడి ఉండదు. అది ఒక ముద్ర. ఆఫీసుల్లో కాగితం మీద కొట్టే రబ్బరు ముద్ర ఉంటుంది చూడండి, అచ్చం అదే. మీరు మౌసు లాగుతుంటే కంప్యూటరు ఆ ముద్రను పక్కపక్కనే కొడుతూ పోతుంది. చాలా దగ్గరగా కొడితే మన కంటికి గీతలా కనిపిస్తుంది. దూరంగా కొడితే చుక్కల్లా కనిపిస్తుంది. గీత అనేది లేనే లేదు, ఉన్నవన్నీ ముద్రలే. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే వస్తుంది.

ముగ్గు వేసే అమ్మలు ఉన్నారు కదా ఇక్కడ. మీకు ఇది ఇంకా తేలిక. చుక్కల ముగ్గులో ముందు చుక్కలు పెడతారు. ఎడం ఎంత ఉండాలో మీ వేళ్లకు తెలుసు. కంప్యూటరులో ఆ ఎడానికి స్పేసింగ్ అని పేరు. కుంచె వెడల్పులో నూటికి ఎంత అని లెక్క. వంద పెడితే ఒక ముద్ర పక్కన ఇంకో ముద్ర, అంచులు తాకుతూ. రెండు వందలు పెడితే మధ్యలో ఒక ముద్ర పట్టేంత ఖాళీ, అంటే చుక్కల వరుస. పది పెడితే గీత. ఇక పిండితో గీత లాగేటప్పుడు ఏమవుతుంది? బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి ఒకే ధారగా జారుతుంది. చేయి మెల్లగా కదిలితే గీత లావు అవుతుంది, చురుగ్గా కదిలితే సన్నబడుతుంది. మలుపు దగ్గర చేయి కాస్త ఆగుతుంది కాబట్టి అక్కడ పిండి కొంచెం ఎక్కువ పడుతుంది. ఆ మలుపు దగ్గరి లావు చూసి ఇది ఎవరు వేసిన ముగ్గో చెప్పగలిగేవారు మా వీధిలో ఉన్నారు. ఆ లావును తెర మీదికి తేగలమా? తేగలం. ఎలాగో చెబుతాను.

గింప్‌లో పెయింట్ డైనమిక్స్ అని ఒక పట్టిక ఉంటుంది. ఒక పక్క మీ చేయి చేసే పనులు: ఒత్తిడి, వేగం, దిశ, పెన్ను వంపు. ఇంకో పక్క కుంచెలో మారే గుణాలు: పరిమాణం, గాఢత, కోణం. దేనికి దేన్ని ముడిపెట్టాలో గళ్లలో టిక్కు పెట్టి చెబుతారు. వేగానికీ పరిమాణానికీ ముడిపెట్టి, వేగం పెరిగేకొద్దీ పరిమాణం తగ్గేలా దాని వంపుగీతను సరిచేయండి. అంతే, మీ కుంచె ముగ్గుపిండిలా నడుస్తుంది. ఇక్కడ ఒక మాట గమనించండి. దీనికి పెన్ను టాబ్లెట్ అక్కరలేదు. మౌసుకు ఒత్తిడి తెలియదు, నిజమే. వేగం మాత్రం తెలుసు. టాబ్లెట్ కొనలేని పిల్లలు నా దగ్గరికి వచ్చి అది లేకపోతే బొమ్మలు రావంటారు. ముగ్గుకు మాత్రం ఒత్తిడి ఎక్కడుంది? ధార ఉంది, వేగం ఉంది. వేగంతో సరిపోయే కుంచెను చేసుకోండి.

గింప్ ఉచితం, క్రీతా ఉచితం, అందుకే వాటి పేర్లు ఎక్కువగా చెబుతున్నాను. గింప్‌ను బర్క్‌లీలో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు. 1996లో బయటికి వచ్చింది. అప్పుడు ఆ ఇద్దరూ మీ వయసువాళ్లే. క్రీతా అంటే స్వీడిష్ భాషలో సుద్ద. ఎంత మంచి పేరు! ఫోటోషాపు వాడేవారు కూడా కంగారుపడకండి, పద్ధతి ఒకటే, మెనూల పేర్లు వేరు.

సరే, ఇప్పుడు పనిలోకి వద్దాం. ఇది చూడండి. ఏమిటిది? అవును, పందుంపుల్ల. వేపపుల్ల. పొద్దున్న మా పెరట్లో విరిచాను. దీని కొసను పళ్లతో నమిలితే పీచు విడుతుంది. బాగా నమలకూడదు, మెత్తబడి పోతుంది. సగం నమిలి, నీళ్లలో కడిగి, కాసేపు ఆరనివ్వాలి. ఇదిగో, ఈ కొస చూడండి. నడుమ పీచు గట్టిగా ఉంది, చుట్టూ నాలుగైదు పోగులు విడిగా ఉన్నాయి. ఆ విడి పోగులే మనకు కావాలి. గీతకు ప్రాణం వాటిలో ఉంటుంది.

నల్ల సిరాలో ముంచి, ముందు పాత కాగితం మీద రెండుసార్లు అద్ది, ఎక్కువైన సిరా పోగొట్టాలి. తరువాత తెల్ల కాగితం మీద మెల్లగా ఒక్కసారి అద్దాలి. గీయకూడదు, అద్దాలి. అందరూ ఇక్కడే పొరపాటు చేస్తారు. పొడుగ్గా అందమైన గీత గీసి, దాన్నే కుంచెగా మారుస్తారు. ఆ గీత ఒక ముద్ర అయిపోతుంది కదా, ఇక అది వంగదు. వంపు తిప్పితే చీపురుపుల్లలు చెల్లాచెదరైనట్టు పడుతుంది. మనకు కావలసింది గీత కాదు, పుల్ల కొస కాగితాన్ని తాకిన గుర్తు. గీతను మీ చేయి గీస్తుంది.

ఒక్క అద్దు చాలదు. ఎనిమిది అద్దండి. ప్రతిసారీ పుల్లను వేళ్ల మధ్య కొంచెం తిప్పండి. ఎనిమిదీ ఒకలా ఉండవు. ఉండకూడదు కూడా. ఎందుకో తరువాత చెబుతాను.

ఇప్పుడు స్కాను. ఆరు వందల డీపీఐ, అంటే అంగుళానికి ఆరు వందల చుక్కలు, పెట్టండి. ఎందుకంత? లెక్క చూడండి. పుల్ల గుర్తు అర సెంటీమీటరు ఉందనుకోండి. ఆరు వందల దగ్గర స్కాను చేస్తే అది సుమారు 118 పిక్సెళ్లు, అంటే 118 చుక్కలు, వస్తుంది. క్యాలెండరు మూడు వందల దగ్గర అచ్చువేస్తాం. అక్కడ 118 పిక్సెళ్లంటే ఒక సెంటీమీటరు. అంటే పుల్ల గుర్తును రెండింతలు చేసినా గీత చెదరదు. కుంచెను చిన్నది చేసుకోవచ్చు, ఏ ఇబ్బందీ లేదు. అంతకంటే పెద్దది చేస్తే మాత్రం మసకబారుతుంది. అందుకని మొదటే పెద్దదిగా తీసుకోండి.

ఏమిటమ్మా? ఫోనుతో ఫోటో తీయవచ్చా? తీయవచ్చు. ఎండలో కాదు, నీడలో, కిటికీ దగ్గర. కాగితం మీద నీ నీడ పడకుండా చూసుకో. ఫోనును కాగితానికి సమంగా పట్టుకో. ఎంత బాగా తీసినా ఫోటోలో కాగితం తెల్లగా రాదు, ఒక పక్క బూడిదరంగు వస్తుంది. స్కానరులో కూడా కొంచెం వస్తుంది. ఈ బూడిదరంగు దగ్గరే నేను ఒకసారి దెబ్బతిన్నాను. ఆ కథ మీకు చెప్పాలి.

చాలా ఏళ్ల కిందట ఒక పెళ్లివారు శుభలేఖ చుట్టూ చేత్తో వేసినట్టుండే ముగ్గు అంచు కావాలన్నారు. నాకు ఉత్సాహం వచ్చింది. అప్పుడే కుంచెలు చేయడం నేర్చుకుంటున్నాను. పుల్ల గుర్తును స్కాను చేశాను, కుంచె చేశాను, ఎర్రరంగు ఎంచుకుని అంచంతా గీశాను. తెర మీద బ్రహ్మాండంగా ఉంది. మూడు వందల కార్డులు అచ్చువేశాం. చేతికి వచ్చాక చూస్తే ఎర్రగీతకు రెండు పక్కలా లేత ఎరుపు పట్టీ. తడిచేతితో తుడిచినట్టు. అదెక్కడి నుంచి వచ్చింది?

కాగితం నుంచి వచ్చింది. కుంచెలో పూర్తి నలుపు అంటే పూర్తి రంగు, పూర్తి తెలుపు అంటే ఖాళీ, మధ్యలో బూడిదరంగు అంటే పలచని రంగు. సున్నా నుంచి 255 దాకా మొత్తం 256 మెట్లు. నా కాగితం కంటికి తెల్లగానే ఉంది, నిజానికి 245 దగ్గర ఉంది. అంటే ఒక్క ముద్రకు కాగితం మేర నూటికి నాలుగు పాళ్ల రంగు పడుతోంది. నాలుగు పాళ్లు కంటికి ఆనదు. కానీ నేను పెట్టిన ఎడం పది శాతం. అంటే ఒక్కొక్క చోట పది ముద్రలు ఒకదాని మీద ఒకటి పడతాయి. నాలుగు పాళ్లు పదిసార్లు పేరుకుంటే దాదాపు మూడో వంతు రంగు. అదే ఆ పట్టీ. కార్డులన్నీ నా ఖర్చుతో మళ్లీ వేసి ఇచ్చాను. పెళ్లికి ఇంకా రోజులున్నాయి కాబట్టి సరిపోయింది.

అందుకని స్కాను కాగానే మొదటి పని ఇది. కలర్స్ మెనూలో లెవెల్స్ తెరవండి. తెలుపు బిందువు గుర్తించే చుక్కగొట్టం తీసుకుని కాగితం మీద నొక్కండి. అన్నిటికన్నా మురికిగా ఉన్న చోట నొక్కండి, శుభ్రంగా ఉన్న చోట కాదు. మురికి చోటు తెల్లబడితే మిగతాది దానితో పాటే తెల్లబడుతుంది. తరువాత నలుపు బిందువు. ఇక్కడ చేయి నెమ్మదిగా ఉండాలి. నలుపును మరీ ముందుకు జరిపితే ఆ విడి పోగుల దగ్గరి సన్నని బూడిదరంగులు పోతాయి, పుల్ల గుర్తు సిరా మరకలా తయారవుతుంది. పరీక్ష ఎలా? కుంచె చేశాక కొత్త పేజీలో నల్లరంగుతో ఒకే చోట ముప్పైసార్లు నొక్కండి. గుర్తు చుట్టూ చతురస్రం కనిపించిందా, కాగితం ఇంకా తెల్లబడలేదన్నమాట. కనిపించలేదా, కుంచె శుభ్రం. ఈ ముప్పై నొక్కుల పరీక్ష చేయకుండా నేను ఇప్పుడు ఏ కుంచెనూ వాడను.

మిగతా మెట్లు తొందరగా చెప్పేస్తాను, బల్ల దగ్గర ఎలాగూ చేసి చూపిస్తాను. ఫోటోషాపులో గుర్తును ఎంపిక చేసి, ఎడిట్ మెనూలో డిఫైన్ బ్రష్ ప్రీసెట్ నొక్కితే చాలు. గింప్‌లో బొమ్మను గ్రేస్కేలుకు, అంటే నలుపు తెలుపులకు మార్చి, ఒకే పొర (లేయరు) చేసి, జీబీఆర్ అనే కుంచె ఫైలు రకంగా ఎగుమతి చేసి, బ్రషెస్ ఫోల్డరులో పెట్టాలి. ఆ ఫోల్డరు ఎక్కడుందో ప్రిఫరెన్సెస్‌లో కనిపిస్తుంది. అంత ఓపిక లేకపోతే గుర్తును ఎంపిక చేసి కాపీ కొట్టండి. కాపీ చేసిందల్లా గింప్‌లో వెంటనే ఒక కుంచెగా మారి కుంచెల పట్టికలో కనిపిస్తుంది. నచ్చితే తరువాత భద్రపరచవచ్చు.

ఎనిమిది అద్దమన్నాను కదా, ఇప్పుడు వాటి సంగతి. ఒకే ముద్ర వెయ్యిసార్లు పడితే మన కన్ను పట్టేస్తుంది. ఎక్కడో ఒక పోగు కొంచెం పక్కకు ఉందనుకోండి, ఆ పక్కపోగు ప్రతి ముద్రలోనూ అదే చోట వస్తుంది. గీత పొడవునా రంపం పళ్లలా వరుస కడుతుంది. చూసేవారు కారణం చెప్పలేరు గానీ ఇది యంత్రం గీసిందని వెంటనే తెలుసుకుంటారు. అందుకని గింప్‌లో ఎనిమిది గుర్తులనూ ఎనిమిది పొరలుగా పెట్టి జీఐహెచ్ అనే, పలు ముద్రల కుంచె ఫైలు రకంగా ఎగుమతి చేయాలి. ఎగుమతి చేసేటప్పుడు ఎలా ఎంచుకోవాలని అడుగుతుంది. వరుసగా కావాలా, యాదృచ్ఛికంగా కావాలా, దిశను బట్టి కావాలా అని. ర్యాండమ్ ఎంచుకోండి. ఇక ప్రతి ముద్రకూ ఎనిమిదింటిలో ఏదో ఒకటి పడుతుంది. రంపం పళ్లు మాయమవుతాయి. ఎనిమిదీ ఎందుకు ఒకలా ఉండకూడదన్నానో ఇప్పుడు అర్థమైంది కదా?

కంప్యూటరు కుంచెకు ప్రాణం పోయాలన్న తపన మనదొక్కరిదే కాదు. 1973లో రిచర్డ్ షౌప్ జెరాక్స్ పరిశోధన కేంద్రంలో సూపర్‌పెయింట్ అనే బొమ్మలు వేసే కంప్యూటరు ఏర్పాటు తయారు చేశాడు. 1986లో స్టీవ్ స్ట్రాస్‌మన్ అనే ఆయన జపాను సిరా చిత్రాల కుంచెను కంప్యూటరులో చేయబోయి ముద్రల పద్ధతిని పక్కన పెట్టేశాడు. ఒక్కొక్క వెంట్రుకనూ విడిగా లెక్కపెట్టాడు. ఏ వెంట్రుక ఎక్కడుంది, దాని దగ్గర ఇంకా ఎంత సిరా మిగిలింది అని. సిరా అయిపోయిన వెంట్రుక దగ్గర గీత ఎండిపోతుంది. మన పుల్ల చేసే పని సరిగ్గా అదే. దాన్ని నేను ఎనిమిది ముద్రలతో సాధించాను, ఆయన వెంట్రుకలతో సాధించాడు.

సవర గోడ మీది గీత

ఇక్కడ నేను కొంచెం ఆగి మాట్లాడాలి. ఈ పుల్లతో గీయడం నేను ఎవరి దగ్గర చూశాను? మన పక్క కొండల మీద, గుణుపురం పైన, లాంజియా సవరల ఇళ్లలో చూశాను. ఇడితాల్ అంటారు కదా ఆ గోడ బొమ్మలను. ఎర్రమట్టి అలికిన గోడ, బియ్యప్పిండి తెలుపు, నలిపిన వెదురుపుల్ల కొస. ముందు అంచు గీసి, తరువాత లోపల నింపుకుంటూ వస్తారు. మనుషులు, గుర్రాలు, ఏనుగులు, సూర్యుడు, చంద్రుడు, చెట్టు. చాలామంది వాటిని చూసి వార్లీ అంటారు. వార్లీ మహారాష్ట్రలోది, అందులో మనిషి ఒళ్లు రెండు ముక్కోణాలు కొసలు కలిసినట్టు ఉంటుంది. సవర మనిషి అలా ఉండడు, సన్నగా సాగి ఉంటాడు. 2024లో లాంజియా సవర చిత్రాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పక్క ఊళ్లలో ఉంటున్న మనం కూడా వాటిని వార్లీ అంటే ఎలా?

నేను చెప్పదలచుకున్నది ఇది. ఇంటర్నెట్టులో ట్రైబల్ బ్రషెస్ అని దొరుకుతాయి. నొక్కితే ఒక మనిషి బొమ్మ పడుతుంది, ఇంకోసారి నొక్కితే ఇంకో మనిషి. లాగితే నాట్యం చేసే వరుస. అలాంటివి సవర బొమ్మలతో చేయాలని నాకూ ఒకప్పుడు అనిపించింది. ఫోటో తీసుకున్నాను, గుర్రాన్ని కత్తిరించాను, కుంచె చేశాను. నొక్కితే గుర్రం. మళ్లీ నొక్కితే అదే గుర్రం. ఇరవై గుర్రాలు ఒకే కాలు ఎత్తి నిలబడ్డాయి. అది చూసి నాకు మనసొప్పలేదు, చెరిపేశాను.

ఎందుకు చెరిపేశాను? ఆ గోడ మీది గుర్రం ఉత్త అలంకారం కాదు. చనిపోయిన పెద్దల కోసం, జబ్బు నయం కావాలని, పంట పండాలని, దేవుడికి మొక్కి వేసిన బొమ్మ అది. ఏ ఇంట్లో, ఎవరి కోసం, ఎందుకు వేశారన్నది ఆ బొమ్మలోనే ఉంది. దాన్ని కత్తిరించి ముద్ర చేసి ఫ్లెక్సీ అంచున వరుసగా కొట్టడం నాకు తప్పనిపిస్తుంది. చట్టం ఏమంటుందన్నది వేరే మాట, నా మనసు మాట నేను చెబుతున్నాను. పుల్ల సంగతి అలా కాదు. వేపపుల్ల, వెదురుపుల్ల ఎవరి సొత్తూ కాదు. పుల్ల కొస కాగితాన్ని తాకిన గుర్తును కుంచె చేసుకోండి. ఆ కుంచెతో మీ బొమ్మ మీరు వేయండి. మీ వీధి, మహేంద్రతనయ ఒడ్డు, మీ బడి, రథయాత్ర, మీకు తెలిసినది ఏదైనా. సవర పిల్లలు ఉన్నారు కదా ఇక్కడ? మీ గోడ బొమ్మను తెర మీద వేసే హక్కు మీది. మీకు ఈ కుంచె నేను ఉచితంగా ఇస్తాను, దానితో ఏం వేయాలో నేను చెప్పను.

ఈ ఊళ్లో ఈ మాట చెప్పేటప్పుడు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకు రాకుండా ఉండరు. ఆయన ఇక్కడే బడిపంతులుగా పని చేశారు. సవరలతో మాట్లాడాలని వారి భాష నేర్చుకున్నారు. ఎలా నేర్చుకున్నారు? సవర మనిషిని ఇంట్లో ఉంచుకుని, విని, అడిగి, రాసుకుని నేర్చుకున్నారు. ఆ తరువాతే వ్యాకరణం, నిఘంటువులు. ఆయన సవర వ్యాకరణం 1931లో వెలువడింది. ముందు విన్నారు, తరువాత రాశారు. మనం ముందు కత్తిరిస్తున్నాం, తరువాత అడుగుతున్నాం, చాలాసార్లు అడగడం కూడా లేదు.

బోర్డు అక్షరాల కుంచె

ఇప్పుడు బోర్డులు రాసే తమ్ముళ్ల కోసం. మీరు ఇంతసేపు ఓపిక పట్టారు. ఫ్లెక్సీలు వచ్చాక చేత్తో రాసే పని తగ్గిందని మీ బాధ. నాకు తెలుసు, నేనూ అందులోనే బతికాను. కానీ ఒకటి చెబుతాను, ఈ మధ్య దుకాణాలవారు నా దగ్గరికి వచ్చి చేత్తో రాసినట్టున్న అక్షరాలు కావాలని అడుగుతున్నారు. ఫాంటు వద్దు, చేతి రాత కావాలంటున్నారు. ఆ చేతి రాత ఎవరి దగ్గర ఉంది? మీ దగ్గరే ఉంది.

దీనికి స్కాను కూడా అక్కరలేదు. గింప్‌లో కొత్త కుంచె నొక్కితే కొలతలతో కుంచె చేసుకునే చోటు వస్తుంది. ఆకారం, వ్యాసార్ధం, గట్టిదనం, పొడవు వెడల్పుల నిష్పత్తి, కోణం. నిష్పత్తి పెంచితే గుండ్రని చుక్క సాగి పలకకుంచె అంచులా అవుతుంది. కోణం తిప్పండి. నా చేతికి ముప్పై డిగ్రీలు కుదిరాయి, మీ చేతికి మీరు చూసుకోండి. ఈ కుంచెతో తెలుగు తలకట్టు గీస్తే పైకి లేచేటప్పుడు సన్నగా, కిందికి దిగేటప్పుడు లావుగా దానంతట అదే వస్తుంది. ఒడియా అక్షరం పైన ఉండే గుండ్రని కప్పు కూడా అంతే. ఎడమ భుజం ఒక లావు, కుడి భుజం ఇంకో లావు. మనం బోర్డు మీద కుంచె పట్టే పద్ధతి అదే కదా?

ఒక జాగ్రత్త. పుల్ల కుంచెకు కోణాన్ని దిశతో ముడిపెట్టాలి, చేయి ఎటు తిరిగితే పోగులు అటు తిరగాలి. అక్షరాల కుంచెకు మాత్రం ముడిపెట్టకూడదు. కోణం స్థిరంగా ఉండాలి. ముడిపెట్టారంటే సన్నం, లావు తేడా పోయి, మళ్లీ ఆ గొట్టం గీతే మిగులుతుంది. బోర్డు రాసేటప్పుడు మణికట్టు తిప్పవద్దని మా గురువుగారు అనేవారు. తిప్పితే వేళ్ల మీద కొట్టేవారు కూడా. కంప్యూటరులో ఆ టిక్కు తీసేయడమంటే మణికట్టు తిప్పకపోవడమే.

ఇంకొక చిన్న మాట. కుంచెలకు పేర్లు పెట్టండి. బ్రష్ వన్, బ్రష్ టూ అని వదిలేయకండి. నా కుంచెల పేర్లు చదువుతాను వినండి: వేపపుల్ల తడి, వేపపుల్ల పొడి, వెదురు, ముగ్గుధార, సున్నంగోడ, బోర్డు పలక, పాత బోర్డు పలక. సున్నంగోడ ఏమిటంటే, మా పాత ఇంటి గోడ మీద సున్నం పెచ్చులు లేచిన చోట తీసిన ఫోటో. ఆ గోడ ఇప్పుడు లేదు, కొట్టేశాం. ఆ పెచ్చు నా కుంచెలో ఉంది. ఏ క్యాలెండరుకైనా నేపథ్యం వేసేటప్పుడు అది వాడితే మా నాన్నగారు వరండాలో కూర్చున్నట్టే ఉంటుంది నాకు.

కుంచెల ఫోల్డరును పెన్‌డ్రైవులో ఇంకోచోట కూడా దాచుకోండి. కంప్యూటరు పాడై విండోస్ మళ్లీ ఎక్కించినప్పుడు ఆ ఫోల్డరు పోతుంది. బాగు చేసేవారికి పత్రాలు, ఫోటోలు దాచమని చెబుతాం, కుంచెల సంగతి ఎవరికీ గుర్తురాదు. నావి అలా ఒకసారి పోయాయి. వాటిలో నాలుగు కుంచెలకు మూలమైన కాగితాలు కూడా లేవు. అప్పటి నుంచి సిరా అద్దిన కాగితాలు కూడా ఒక అట్టపెట్టెలో పెడుతున్నాను, వెనుక తేదీ రాసి.

ప్రశ్నలు తరువాత, చేస్తూ అడగండి. స్కానరు ఆ మూల బల్ల మీద ఉంది. సిరా, కాగితాలు ఈ పక్కన ఉన్నాయి. పుల్లలు తెచ్చుకున్నవారు ముందు రండి, లేనివారు ఈ కట్టలోంచి ఒకటి తీసుకోండి. ముగ్గు వేసే అమ్మలు ఇటు, పళ్లెంలో పిండి ఉంది, నల్ల అట్ట పరిచాను. దాని మీద పిండి చుక్కలు కొన్ని పెట్టండి. దాన్ని ఫోటో తీసి తలకిందులు చేస్తే, అంటే తెలుపును నలుపుగా మారిస్తే, అదే కుంచెకు ముడిసరుకు అవుతుంది. ముందు మీ పిండి చుక్కల ఫోటో తీద్దాం, కిటికీ వెలుతురు ఇంకో గంట కంటే ఉండదు. తమ్ముడూ, ఆ ఫ్యాను ఆపు, పిండి ఎగిరిపోతుంది.